పోలీసు వసారాలో తరవాణి కుండలు

మొన్నొక ఆదివారం మా మనవరాలు కావ్య నన్ను తన అన్నం బండి చూపిస్తానని వెంట తీసుకెళ్ళింది. సైబర్‌జయలో కంప్యూటర్ల ముందు ఉద్యోగాలు చేసే పిల్లలు కొందరు కలిసి ఒక పాత వ్యాను కొన్నారు. వారానికోసారి అందులో అన్నం, సాంబారు, కూర సర్దుకుని, నేను కూతురి దగ్గర ఉండే ఈ బ్రిక్‌ఫీల్డ్స్‌కు కాస్త అవతల, ఎత్తైన ఫ్లాట్ల కింద ఆపుతారు. అవసరమున్నవాళ్ళు వచ్చి వరసలో నిలబడతారు. పిల్లలు చేతులకు తొడుగులు, తలలకు టోపీలు పెట్టుకుని ఎంతో శుభ్రంగా డబ్బాలు అందిస్తారు. నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి చెట్టు నీడన కూర్చోబెట్టారు. అక్కడినుంచి ఒక ముసలామెను చూశాను. ఆమె డబ్బా అందుకుని, తల ఎత్తకుండా వెళ్ళి మెట్ల మీద గోడవైపు తిరిగి కూర్చుని సగం తిన్నది. మిగతా సగం మూత పెట్టి గుడ్డసంచిలో దాచుకుంది. కావ్య దగ్గరకు వెళ్ళి బాగుందా అని అడిగితే తల ఊపింది, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు కావ్య కారు నడుపుతూ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' తగిలించి సంతోషంగా అంది: "ఎవులూ కంప్లైన్ సెయ్యరు లా అమ్మమ్మా. అందరికీ నచ్చినాది."

సరిగ్గా ఈ సంగతికే, ఎవరూ వంక పెట్టలేదన్న సంగతికే, మా అత్త అప్పలనరసమ్మ ఒకనాడు ఇలాంటి బండిలోనే కూర్చుని ఏడ్చింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. అప్పటి మలయాలో, హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసే చోట, పడవల రేవు వెనక సందులో ఆమెకొక చిన్న తిండి కొట్టు ఉండేది. మా అమ్మానాన్నలు కొబ్బరి తోటలో కూలీలు. తోట బడి నాలుగు తరగతులతో ఆగిపోయింది. అత్తకు పిల్లలు లేరు, చేతి సాయం కావాలి. అందుకని నన్ను ఆమె దగ్గరికి పంపారు. ఆ సందులో నేను పెరిగిన వాసనలు ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. ఒకవైపు రొయ్యల ముద్ద ఎండబెట్టే తట్టలు, ఇంకోవైపు ఎండు కొబ్బరి కాల్చే పొగ, గాలి తిరిగితే నది బురద. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. అత్త మాత్రం, ముక్కు మూసుకున్నవాడు నోరెలా తెరుస్తాడు, వాడికి టీ కూడా అమ్మలేం అని నవ్వేది.

ఇంట్లో అన్నింటికంటే ముందు నిద్రలేచేది తరవాణి కుండ. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, గంజీ నీళ్ళూ పోస్తే, తెల్లారేసరికి పులిసి చల్లగా ఉండేది. పడవల మీదకు వెళ్ళేవాళ్ళకూ, మాకూ అదే ఉదయపు తిండి. పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆ కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేసేవారు కాదు. అడుగున కొంచెం పులుపు మిగల్చాలి, దాని మీదే కొత్తది పోయాలి. మా తోట లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, పెళ్ళయి వేరింటికి వెళ్ళే పిల్లకు తల్లి తన కుండలోంచి ఒక చెంబెడు పులుపు ఇచ్చి పంపేది. అందుకని ఒక్కో ఇంటి తరవాణి ఒక్కో రుచి. అత్త తన కుండలోని పులుపు ఇండియానుంచి ఓడ ఎక్కి వచ్చిన తన నాయనమ్మదని నమ్మేది. అందులో ఎంత నిజమో నాకు తెలియదు. ఓడలో కుండ ఎలా నిలిచిందని నేను అడిగితే, పుస్తకాలు సదివినోళ్ళకి ఇలాంటి సందేహాలే వస్తాయనేది.

నేను నిజంగానే చదివేదాన్ని. బడిలో చదివింది కొంచెమే. మిగతాదంతా ఊళ్ళోని పఠనాలయంలో. అది రేవు రోడ్డు మీద ఒక చెక్క పలకల గది. సర్కారు పత్రికలు, బొమ్మల పుస్తకాలు, ఎవరో దొర ఊరు వదిలి వెళుతూ ఇచ్చేసిన పాత ఇంగ్లీషు పుస్తకాలు. మధ్యాహ్నం కొట్టు ఖాళీ అయ్యాక చేతులు కడుక్కుని అక్కడికి పరిగెత్తేదాన్ని. చేపల వాసన పుస్తకాలకు అంటుతుందని అక్కడి గుమాస్తా నాచేత రెండోసారి సబ్బుతో కడిగించేవాడు. ముందు మలాయ్ భాష పుస్తకాలు కూడబలుక్కున్నాను, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. అక్కడొక లావుపాటి విజ్ఞాన సర్వస్వం ఉండేది, మధ్యలో కొన్ని సంపుటాలు లేవు. ఉన్న సంపుటాల్లోని సంగతులన్నీ నాకు వచ్చు, లేని సంపుటాల్లోవి ఇప్పటికీ రావు. అగ్నిపర్వతాలు తెలుసు, తిమింగలాలు తెలియవు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి ఇంగ్లీషు సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన కొన్నేళ్ళకు మా వైపు తోటల చుట్టూ ముళ్ళకంచెలు లేచాయి. చెదురుగా ఉన్న కూలీల ఇళ్ళన్నీ ఒకచోటికి మార్చి, చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర పోలీసు ఠాణా పెట్టారు. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళకు తిండి అందకూడదన్నది సర్కారు ఆలోచన. తోటవాళ్ళు బియ్యం దాచి వాళ్ళకు ఇస్తున్నారని అనుమానం. ముందు బియ్యం కొలత తగ్గించారు. తర్వాత ఇళ్ళల్లో బియ్యమే ఉండకూడదన్నారు. గేటు లోపల ఒక సర్కారు వంటసాలలో వండి, తలకింతని అన్నమే పెట్టేవారు. పనిచేసేవాడికి ఒక కొలత, పిల్లలకూ ముసలివాళ్ళకూ అందులో సగం. అన్నమైతే త్వరగా పాడవుతుంది, దాచలేరు అని వాళ్ళ లెక్క. అది కూడా చీకటి పడేలోపు తినెయ్యాలి, ఇంట్లో మిగలకూడదు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో తోటలో పని ఉండదు, కూలీ ఉండదు, బయటికి వెళ్ళి ఏదైనా కొనుక్కునే వీలూ ఉండదు. మా అమ్మ కంచె అవతలినుంచి నన్ను చూసి బాగానే ఉన్నామనేది. ఆమె గాజులు మోచేతి దాకా జారుతుండేవి.

అప్పుడు మా ఊళ్ళో కొందరు పెద్దలు కలిశారు. గుడి సంఘంవాళ్ళు, బియ్యం కొట్టు చీనా తౌకే, అంటే యజమాని, ఒక మలాయ్ బడిపంతులు. పోలీసుల అనుమతితో వండిన అన్నం ఒక బండిలో తీసుకెళ్ళి తోటల గేట్ల దగ్గర పెట్టాలని అనుకున్నారు. తౌకే తన పాత రొట్టెల వ్యాను ఇచ్చాడు. దాన్ని నడిపేది పాక్ మాన్ అని నది అవతలి కంపంలో, అంటే మలాయ్ పల్లెలో, ఉండే పెద్దాయన. మాటలు తక్కువ, హారన్ ఎక్కువ. వంట అత్తది. దారిలో ఆపిన ప్రతి చోటా మలాయ్‌లోనో ఇంగ్లీషులోనో జవాబు చెప్పడం నా పని. అప్పుడు నాకు పద్దెనిమిదో పందొమ్మిదో. లోపలున్నది మా వాళ్ళే గనక ఎవరూ నన్ను బతిమాలవలసిన అవసరం లేకపోయింది.

అత్త మొదటి రోజే ఒక పద్ధతి పెట్టింది. వడ్డించి నిలబడకూడదు, మనం కూడా వాళ్ళతోబాటు నేల మీద కూర్చుని అదే అన్నం తినాలి. ఊళ్ళోంచి వచ్చిన ఒక సంఘం పెద్ద, మనం ఇంట్లో తినే వచ్చాం కదా అన్నాడు. అత్త ఆయన ముందు ఆకు వేసింది. ఆయన ప్యాంటు మడుచుకుని కూర్చోక తప్పలేదు.

ఆ రోజు గేటు దగ్గర గైరమ్మ వచ్చి కూర్చుంది. గైరమ్మ అత్తకు చిన్ననాటి నేస్తం, వరసకు మరదలు. భర్త చెట్టు మీదనుంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఆ తోటలో ఆమె నోటికి మించిన నోరు లేదని పేరు. అత్త పెళ్ళి భోజనాల్లో ఆకు ఆకుకూ తిరిగి, పప్పులో నీళ్ళెక్కువైనాయి, బూరెలు రాళ్ళకి సుట్టాలు అని ఆడపెళ్ళివారిని ఏడిపించిందట. ఆ మాట చెప్పుకుని అత్త ముప్పయ్యేళ్ళు నవ్వింది. అలాంటి గైరమ్మ తల వంచుకుని, పెట్టింది తిని, పిల్లల కోసం గిన్నెలో ఇచ్చింది పట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. బండి కదిలాక అత్త ఖాళీ డేగిశాల మధ్య కూర్చుని ఏడ్చింది. హడావిడిలో ఆ రోజు పులుసులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయిందట. తినేటప్పుడే తనకూ నాకూ తెలిసింది.

"ఉప్పు నేని పులుసు గైరి నోరు మూసుకుని తిన్నాదే. ఒక్క మాటంటే ఒక్క మాట అన్నేదు. దాన్నేటి సేసేసినారే ఈలు."

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా గైరమ్మ అలాగే ఉండేది. అత్త కావాలని మిరపకాయ ఎక్కువ వేసి చూసింది, చింతపండు తగ్గించి చూసింది. గైరమ్మ కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుని తిన్నదే గానీ పెదవి విప్పలేదు.

మాకు తెలియనిదేమిటంటే, లోపలి ఆడవాళ్ళు ఆ అన్నంలో కొంత మళ్ళీ తరవాణి కుండల్లోకి చేరుస్తున్నారు. బండి రోజు విడిచి రోజు వచ్చేది. రాని రోజు ఉదయం ఖాళీ కడుపుతో పనికి పోవాలి. అదొక్కటే కాదు. కంచె లోపలికి మారినప్పుడు బట్టలూ మంచాలూ వదిలేసిన ఇళ్ళు కూడా ఆ కుండలను నెత్తిన పెట్టుకుని వచ్చాయి. కుండ ఎండిపోతే తల్లి ఇచ్చిన పులుపు అక్కడితో చచ్చిపోతుంది. మళ్ళీ ఎక్కడినుంచి తేవాలి? అందుకని చాటుగా కుండలు బతికించుకున్నారు. తనిఖీలు ఎక్కువయ్యాక ఇంటింటా దాచడం కష్టమైంది. గైరమ్మ ఇంటి వెనక మట్టి నేల ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండేది. ఆ వరస ఇళ్ళవాళ్ళందరూ తమ కుండలు తెచ్చి అక్కడ, గోనెసంచుల కింద పెట్టారు. ఒక ఇల్లయితే కనిపించదు అనుకున్నారు. ఆ పని అనుమానపు కళ్ళకు ఎలా కనిపిస్తుందో వాళ్ళకు తట్టలేదు.

ఒక ఉదయం ఠాణావాళ్ళు గోనెలు ఎత్తి చూశారు. ఒక్క ఇంట్లో అన్ని కుండల అన్నం. అడవివాళ్ళ కోసం దాచిన తిండి కాక ఇంకేమవుతుంది? గైరమ్మను ఠాణా బెంచీ మీద కూర్చోబెట్టారు. మా బండి అనుమతి ఆ క్షణంనుంచే రద్దు, ఎందుకంటే ఆ అన్నం బండిదే. అలాంటి కేసుల్లో మనిషిని బందీగా ఉంచవచ్చు, ఇండియాకు ఓడ ఎక్కించి పంపెయ్యవచ్చు కూడా. గైరమ్మ పుట్టింది ఈ తోటలోనే. ఇండియాలో ఆమెకు ఒక్క గడప కూడా తెలియదు. మంచంలో భర్త, ఇద్దరు పిల్లలు.

కబురు మాకు అందేసరికి ఆ పూట అన్నం వార్చేశాం. అనుమతి లేకపోయినా అత్త డేగిశాలు బండిలోకి ఎక్కించమంది. ఆపితే ఆపుతారు, చూద్దాం అంది. పాక్ మాన్ బండి తీశాడు. గేటు దగ్గర నిజంగానే ఆపారు. నన్నూ అత్తనూ ఠాణా వసారాలోకి రమ్మన్నారు. ఇన్‌స్పెక్టర్ దేశం ఉత్తర భాగంనుంచి వచ్చిన మలాయ్ యువకుడు. కోపిష్టి కాదు, అలసిపోయిన మనిషి. ఆయన ముందు నేల మీద కుండలు వరసగా ఉన్నాయి. ఇవి ఎవరివో చెప్పమని ఉదయంనుంచీ అడుగుతున్నాననీ, ఈమె చెప్పడం లేదనీ, ఆమెను అడిగి నన్ను చెప్పమనీ మలాయ్‌లో అన్నాడు.

గైరమ్మ నా వైపు చూడకుండానే అంది: "నా ఇంట్లో దొరికినాయి, నాయేనని రాసుకోమను గుంటా. ఇంకోరి పేరు నా నోట రాదు."

ఆ మాటను మార్చకుండా మలాయ్‌లో చెప్పాను. ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు. అంతలో బయట పాక్ మాన్ హారన్ కొట్టాడు. అది బండి వచ్చే వేళ. అలవాటు కొద్దీ కొట్టాడో, ఆలోచించి కొట్టాడో ఆయన చనిపోయేదాకా నాకు చెప్పలేదు. హారన్ వినగానే లైన్లలోంచి ఆడవాళ్ళు గిన్నెలతో గేటు దగ్గరికి వచ్చారు. వసారాలోకి చూస్తే గైరమ్మ బెంచీ మీద ఉంది, కుండలు నేల మీద ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. అందరికంటే ముసలిది సూరమ్మ, చూపు సరిగా ఆనదు. ఆమె కంచె పట్టుకుని అడిగింది: "ఆ అంచు పగిలిన కుండ నాది బావూ. మాయమ్మ కాడ్నించి వచ్చినాది. నన్నేటైనా సేసుకోండి, దాన్ని పారబొయ్యకండి."

కానిస్టేబుల్ ఆమెను లోపలికి రానిచ్చాడు. ఆమె వంగి, వాసన చూసి, తన కుండను ఒడిలోకి లాక్కుంది. ఆమె వెనక ఇంకొకామె, తర్వాత ఇంకొకామె. ఒక్కొక్కరూ మూత తీసి వాసన చూసి ఇది నాది అన్నారు. ఒక కుండ దగ్గర ఇద్దరు పట్టుకున్నారు. నాదంటే నాదని మొదలై, నీది ఎప్పుడైనా ఇంత కమ్మగా పులిసిందా అనేదాకా పోయింది. పోలీసు ఠాణాలో, తుపాకుల ఎదుట, ఇద్దరాడవాళ్ళు తరవాణి రుచి మీద దెబ్బలాడుకున్నారు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున ఒక్క ముద్దాయి. ఇప్పుడు వరసంతా ముద్దాయిలే. అడవికి పంపే అన్నమైతే దాని కోసం ఇలా కొట్టుకోరని ఆయనకు అప్పుడే తెలిసిందని నాకు అనిపించింది.

ఇది తింటే జబ్బు చెయ్యదా అని నన్ను అడిగాడు. నా అదృష్టం, ఆ సంగతి ఉన్న సంపుటం మా పఠనాలయంలో ఉంది. పులియడమంటే ఏమిటో, కంటికి కనిపించని జీవులు అన్నంలో పులుపును ఎలా పుట్టిస్తాయో, ఆ పులుపు చెడు క్రిములను ఎలా దగ్గరికి రానివ్వదో చదివిన ఇంగ్లీషులోనే మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. చివర ఒక్క మాట అన్నాడు: "తపాయ్." మలాయ్‌వాళ్ళు అన్నాన్ని పులియబెట్టి చేసే తీపి వంట అది. వాళ్ళమ్మ తపాయ్ కలిపేటప్పుడు ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వదని చెప్పి, కుండల వైపు ఇంకొకసారి చూశాడు, ఈసారి వేరే చూపుతో.

కానీ రూలు రూలే. ఇంట్లో రాత్రి అన్నం ఉండకూడదన్నది తను పెట్టింది కాదు, తను తీసెయ్యలేడు. "ఇళ్ళల్లో కాకపోతే ఇంకెక్కడ పెట్టుకుంటారు? నా లాకప్‌లోనా?" అన్నాడు. విసుగ్గా అన్న మాటే. నేను తెలుగులో చెప్పాను. అత్త లాకప్ గదివైపు తొంగి చూసింది, తర్వాత వసారా నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఆ గదిలో గాలాడదు. ఈ వసారా సల్లగున్నాది. ఇక్కడెట్టుకుంటాం, కాపలా ఆయన్నే కాయమను."

ఇది చెప్పమంటావా అత్తా అన్నాను. చెప్పు, దానికే కదా నిన్ను అన్ని పుస్తకాలు చదవనిచ్చాను అంది. చెప్పాను. వెనక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్ళి పై అధికారికి ఫోను చేశాడు. ఫోను మీద ఆయన కుండలను వర్ణించాల్సి వచ్చింది. అవతలివాళ్ళు నమ్మకపోతే మళ్ళీ వర్ణించాల్సి వచ్చింది. బయట ఆడవాళ్ళం కుండల పక్కన కూర్చుని, ఆ గొంతు పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గైరమ్మ మాత్రం గోడను చూస్తూ ఉంది.

ఆయన బయటికి వచ్చి చెప్పింది ఇది. కుండలు రాత్రిళ్ళు ఠాణా వసారాలో ఉంటాయి. ఉదయం పనికి వెళ్ళేముందు గేటు దగ్గరే తినాలి. పిల్లలకూ మంచానున్నవాళ్ళకూ పట్టుకుపోవచ్చు, కానీ గిన్నె వెనక్కి రావాలి. బండి రావచ్చు. ఈమె మీద కేసు ఉండదు. కొన్నాళ్ళు చూస్తాం, ఒక్క కుండ కదిలిందంటే అన్నీ రద్దు.

నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే సూరమ్మ తన కుండను వసారా మూల, మంచి చోటు చూసి పెట్టేసుకుంది. అత్త బండిలోంచి అన్నం, చేపల పులుసు తెచ్చి గైరమ్మ ముందు ఆకు వేసి వడ్డించింది. ఉదయంనుంచి నీళ్ళు కూడా ముట్టని మనిషి. గైరమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. తల ఎత్తి అత్త ముఖంలోకి చూసింది.

"ఏటొదినా, ఊళ్ళో ఉప్పు దొరకట్లేదేటి? సముద్దరం పక్కనే గదా కాపరం."

అత్త అక్కడే కూలబడి నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. ఏం జరిగిందో తెలియక ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు. ఉప్పు తక్కువైందంటోంది అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి తన టిఫిన్ క్యారియర్ పక్కనున్న ఉప్పు సీసా తెచ్చి గైరమ్మ ఆకు పక్కన పెట్టాడు. ఆమె థాంక్స్ చెప్పలేదు. కొంచెం ఎక్కువే వేసుకుంది.

అప్పటినుంచి చాలా రోజులు మా బండి మధ్యాహ్నం అన్నం తెచ్చేది, మిగిలినది ఠాణా వసారాలో పులిసేది. కుండల మీద సున్నంతో గుర్తులు పెట్టారు. కానిస్టేబుళ్ళు ముందు తుపాకీతో కాపలా కాశారు, తర్వాత విసనకర్రతో ఈగలు తోలారు. ఒకతను ఎవరి కుండ ఏదో పేర్లతో సహా నేర్చుకుని ఉదయాన్నే పిలిచి అందించేవాడు. ఒకసారి కాపలావాడే ఒక కుండ సగం తినేశాడు. మర్నాడు ఇంటి పెరట్లోంచి పచ్చిమిరపకాయలు తెచ్చి ఆ ఇంటావిడ చేతిలో పెట్టాడు. గైరమ్మ నోరు పూర్తిగా తిరిగి వచ్చింది. అత్త వంటకు ఆమె పెట్టిన వంకలు నేను ఇక్కడ రాస్తే ఇంకో అధ్యాయం అవుతుంది. అత్త ప్రతి వంకనూ ఇంటికి తెచ్చుకుని, కూర తరుగుతూ తలుచుకుని నవ్వేది, మర్నాడు సరిచేసేది.

మెర్డేకా, అంటే స్వతంత్రం వచ్చిన ఉదయం, బండికి కాగితపు జెండాలు కట్టుకుని వెళ్ళాం. ఠాణాలో రేడియో పెట్టారు. కంచె లోపలివాళ్ళూ బయటివాళ్ళూ అంతా వసారా ముందు నేల మీద కూర్చున్నాం. స్వతంత్రం, స్వతంత్రం అని రేడియోలో జనం అరుస్తుంటే మా పిల్లలూ అరిచారు. ఆ ఉదయం ఇన్‌స్పెక్టర్ కూడా నేల మీద కూర్చుని, ఎండుచేప నంజుకుని తరవాణి తాగాడు. తాగాక ముఖం అదోలా పెట్టి, మా అమ్మ తపాయ్ తియ్యగా ఉంటుంది అన్నాడు. అయితే ఇంక కుండలు ఇంటికి పట్టుకుపోవచ్చా అని గైరమ్మ నాచేత అడిగించింది. ఇంకా లేదు అన్నాడు ఆయన, కళ్ళు దించుకుని. దేశానికి స్వతంత్రం వచ్చింది గానీ కంచె ఇంకొంత కాలం ఉంది. అది తీసేసిన రోజున మా బండి అన్నం తీసుకెళ్ళలేదు. కుండలను ఎక్కించుకుని ఒక్కో గుమ్మం ముందు ఆగి దించింది. సూరమ్మ అప్పటికి లేదు. ఆమె కుండ ఆమె కోడలి ఇంట్లో దిగింది.

అప్పటికీ ఇప్పటికీ పోల్చుకుంటే నాకు చిత్రంగా ఉంటుంది. అప్పుడు బియ్యం లేక ఆకలి. దానికి కంచె ఉంది, గేటు ఉంది, ఎక్కడ మొదలవుతుందో కంటికి కనిపించేది. ఇప్పుడు ఈ వీధిలో ఏ మూల చూసినా బిర్యానీ, దోసె, అరటాకు భోజనం. అదే వీధికి అవతల లిఫ్టు ఎక్కి వెళ్ళే ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. నేను ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి, ఇంత చదివి, ఆ సంగతి మనవరాలు చూపిస్తేగాని తెలుసుకోలేదు. కానీ ఇంకో తేడా కూడా ఉంది. మా బండి కదలాలంటే ఎందరినో అడగాలి. ఈ పిల్లలను ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఆపలేదు. సెలవురోజు నిద్ర మానుకుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. కావ్యకు మన భాష సగమే వచ్చు, గిన్నె అందించే చెయ్యి మాత్రం అచ్చం అత్తదే, కొంచెం ముందుకు వంచి, ఎదుటివాళ్ళు చాచనక్కరలేకుండా.

వ్యాను చూసి వచ్చిన ఆ రాత్రి ఈ కథంతా తనకు చెప్పాను. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. అంతా విని, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు అంది. ఏమీ వద్దు, డబ్బా ఇచ్చి నిలబడకుండా నువ్వూ ఒకటి తీసుకుని మెట్ల మీద వాళ్ళ పక్కన కూర్చుని తిను అన్నాను. తర్వాతి ఆదివారం తను అలాగే చేసింది. ఆ తర్వాతా చేసింది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని నేను వెళ్ళలేదు. నిన్న సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూనే ముఖం ముడుచుకుని అంది: "ఆ మెట్ల మీద ముసలి పాటీ లేదూ, ఈవేళ తిని నాతో ఏటందో తెలుసా అమ్మమ్మా? సాంబార్ల ఉప్పు కమ్మి, సాలనేదు అంటాది లా. అందరి ముందూ."

నేను అంత గట్టిగా నవ్వేసరికి మా అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కావ్య బిత్తరపోయి చూసింది. ఇంకేమందో చెప్పు అన్నాను. క్యారెట్ సరిగా ఉడకలేదందట, వచ్చేవారం మునక్కాడ వెయ్యమందట.

తను స్నానానికి వెళ్ళాక లేచి, ఒక గాజు సీసా కడిగి ఆరబెట్టి, నిండా రాళ్ళుప్పు పోసి, గుమ్మం దగ్గర వ్యాను తాళాల పక్కన పెట్టాను.